తెల్ల పిడి నల్లబడింది, అత్తగారు కత్తి దాచేశారు

ఈ వారం ఉత్తరం విశాఖపట్నం వన్‌టౌన్ నుంచి. పేరు రాయొద్దన్నారు, రాయను. ఆయన ఒక ప్రైవేటు కంపెనీలో అకౌంట్స్ చూస్తారు, రాత్రి భోజనమయ్యాక బాల్కనీలో కూర్చుని కత్తులు చేస్తారు. పాత రంపం బ్లేడు తెచ్చుకోవడం, ఆటోనగర్‌లో ఆకారానికి కోయించడం, మిగతా పనంతా ఇంట్లోనే. పోయిన సంక్రాంతికి భీమిలిలో ఉండే అత్తగారికి కూరగాయలు కోసుకునే కత్తి ఒకటి చేసి ఇచ్చారు. పిడికి రెండు వైపులా ఒంటె ఎముక పలకలు, మూడు ఇత్తడి రివిట్లు. ఆవిడ మురిసిపోయి వీధిలో వాళ్ళందరికీ చూపించారట. వేసవి వచ్చేసరికి రివిట్ల చుట్టూ బూడిద రంగు తేలింది, ఉక్కూ ఎముకా కలిసే అంచు వెంట నల్ల గీత పడింది, ఎముక మీద వెంట్రుకవాసి మందాన నల్ల చారలు కనిపించాయి, బొటనవేలు ఆనే చోట పసుపు మరక. మొన్న వెళ్ళి చూస్తే కత్తి వంటింట్లో లేదు. బీరువాలో పాత చీర ముక్కలో చుట్టి ఉంది. ఆవిడ మళ్ళీ కత్తిపీట ముందేసుకుని కూర్చున్నారు. అడిగితే, "మాసిపోతాది బాబూ, అందుకే తియ్యట్లేదు" అన్నారు.

ఇంతలో ఇంకో చిక్కు. తోడల్లుడి స్నేహితుడు బీచ్ రోడ్డు వైపు చేపల వంటకాల హోటల్ పెడుతున్నాడు. వంటిల్లు బయటికి కనపడేలా కట్టించాడు, అందులోకి తెల్ల పిడి కత్తులు ఆరు కావాలన్నాడు. తోడల్లుడే మధ్యలో ఉండి అడ్వాన్స్ ఇప్పించాడు, ఆ డబ్బులో సగం ఎముక పలకలకే అయిపోయింది. తీరా రెండు కత్తులు పూర్తి చేస్తే, అవి ఇల్లు దాటకముందే బూడిద రంగుకి తిరిగాయి. హార్బర్ వైపు నుంచి వచ్చే బొగ్గు దుమ్మే కారణమని ఈయన గట్టి నమ్మకం. బ్లీచింగ్‌తో కడిగి చూశారు, స్టీల్ పీచుతో రుద్దారు, నిమ్మకాయా పెట్టారు, ఇంకా పాడైంది. భార్యేమో "అమ్మ ఇష్టంతోనే దాచుకుంది, దీన్ని రాద్ధాంతం చెయ్యకు" అంటున్నారు. తన పని బాగాలేదని అత్తగారు మర్యాదగా చెప్పారేమోనని ఈయనకి లోపల తొలుస్తోంది. పిడి తెల్లగా ఎలా నిలబెట్టాలి, ఆర్డర్ ఉంచుకోవాలా వదులుకోవాలా, అత్తగారితో ఏమనాలి, ఏటికొప్పాక చెక్కకి మారితే ఈ బాధ తప్పుతుందా? ఇవీ ప్రశ్నలు.

తమ్ముడూ, మీ ఉత్తరంలో మూడు గొడవలు ఒకదానికొకటి చుట్టుకుపోయి ఉన్నాయి. అత్తగారి మాటని మీ పనికి వచ్చిన మార్కులా తీసుకున్నారు, ఆ బాధతోనే హోటల్ ఆర్డర్‌ని చూస్తున్నారు, ఈ రెంటికీ కారణం బొగ్గు దుమ్మని తేల్చేశారు. ముందు ఆ దుమ్ము సంగతి చూద్దాం, అది తేలితే మిగతావి వాటంతటవే విడతాయి.

ఒక అయస్కాంతం తీసుకోండి, పాత స్పీకర్‌లోది అయినా సరే. దాన్ని తెల్ల కాగితంలో చుట్టి, మీరు పిడి సాన పట్టిన చోట బల్ల మీదున్న దుమ్ములో పెట్టి లేపండి. బొగ్గు పొడి అంటుకోదు, ఉక్కు పొడి ముళ్ళలా లేచి కాగితానికి పట్టుకుంటుంది. తర్వాత మీ కిటికీ చట్రం మీద నుంచి తీసిన దుమ్ముతో అదే చేసి, రెండూ పక్కపక్కన చూడండి. వన్‌టౌన్‌లో నేల తుడిచిన గుడ్డ నల్లగా రావడం నాకు తెలియని సంగతి కాదు, ఆ బాధ నిజమే. కానీ పిడిలో దిగింది అది కాదని నా అనుమానం, ఎందుకంటే మీరు చెప్పిన మూడు గుర్తులూ ఒకే వైపు చూపిస్తున్నాయి. నలుపు ఉక్కు అంచు వెంటే ఉంది, బూడిద రంగు రివిట్ల చుట్టూనే ఉంది, పిడి మధ్యలో చారలు మాత్రమే ఉన్నాయి. గాలిలోంచి పడే దుమ్ము ఇలా చోటు చూసుకుని కూర్చోదు. పిడి పలకల్నీ వాటి మధ్యనున్న ఉక్కునీ ఒకే గరుకు కాగితంతో (శాండ్ పేపర్‌తో) ఒకేసారి రుద్దారు, ఆ రుద్దుడులో లేచిన ఉక్కు పొడి, ఇత్తడి పొడి తడి ఎముకలోకి దిగింది. మీరు వాడిన నల్ల వాటర్ పేపర్ అరిగి రాలిన పొడి కూడా దానికి తోడు. అంటే కత్తి భీమిలి బస్సు ఎక్కే ముందే ఆ మురికి లోపలుంది. మొదట్లో తెల్లగా కనిపించిందంటారా, లోపలున్న ఇనుము అప్పటికింకా తుప్పు పట్టలేదు. సముద్రపు గాలి, వంటింటి తడి తగిలాక అది పైకి తేలింది.

ఎముకలో సన్నని నాళాలుంటాయి. బతికున్నప్పుడు రక్తం వెళ్ళే దారులవి. పొడవుగా కోసిన పలకలో అవి గీతల్లా, అడ్డంగా కోస్తే చుక్కల్లా కనిపిస్తాయి. మీరు చూసిన చారలు అవే, నాళాల్లో నల్లటి పొడి నిండింది. మీ ఊళ్ళోనే దీనికి వెనకటి ముచ్చట ఒకటుంది. 18వ శతాబ్దంలో విశాఖపట్నం పనివాళ్ళు చెక్క పెట్టెల మీద, కుర్చీల మీద ఏనుగు దంతం పలకలు అతికించి, వాటి మీద తీగలూ పువ్వులూ సన్నగా చెక్కి, ఆ గీతల్లో నల్ల లక్క నింపి పైన నునుపు చేసేవాళ్ళు. లండన్‌లోని విక్టోరియా అండ్ ఆల్బర్ట్ మ్యూజియంలో ఇప్పటికీ ఆ సామాన్లు ఉన్నాయి. దంతం గట్టిగా, నిండుగా ఉంటుంది కాబట్టి నలుపు పట్టడానికి వాళ్ళు కష్టపడి గీత చెక్కాల్సి వచ్చేది. ఎముకకి ఆ శ్రమ అక్కర్లేదు, గీతలు పుట్టుకతోనే ఉన్నాయి, లక్కకి బదులు మీరు ఉక్కు పొడి నింపారు. (పనిలో పనిగా ఒక మాట: తాతల నాటి దంతం ముక్క ఉందని ఎవరైనా తెచ్చిస్తే ముట్టుకోకండి. 1986, 1991 సవరణలతో ఏనుగు దంతం వ్యాపారాన్ని వన్యప్రాణి సంరక్షణ చట్టం పూర్తిగా మూసేసింది. జింక కొమ్ము కూడా అంతే, అడవిలో రాలిపడి దొరికిందని చెప్పినా సరే.)

ఇప్పుడు మీరు చేసిన చికిత్సల గురించి. బ్లీచింగ్ ఎముకలోని ప్రొటీన్‌ని తినేస్తుంది, సున్నపు భాగమే మిగులుతుంది. అందుకే అది పొడిపొడిగా తయారైంది, ఇక ముందుకంటే ఎక్కువ మురికి పీల్చుకుంటుంది. స్టీల్ పీచు తీగలు విరిగి కొత్త ఇనుము లోపల పెట్టి వెళ్ళాయి. నిమ్మకాయ తుప్పుని కాస్త కరిగించే మాట నిజమే గానీ ఎముకనీ కరిగిస్తుంది, ఇత్తడి దగ్గర పచ్చటి చిలుము లేపుతుంది. ఈ మూడూ ఇక వద్దు.

నల్లబడ్డ కత్తుల్ని బాగుచేయవచ్చు, కానీ వరస ముఖ్యం. బ్లేడు మొత్తం మాస్కింగ్ టేపుతో చుట్టేయండి, ఇది మీ వేళ్ళ కోసం కూడా. గిన్నెలు తోమే లిక్విడ్ రెండు చుక్కలు చల్లటి నీళ్ళలో వేసి, మెత్తటి పళ్ళ బ్రష్‌తో పిడి కడిగి, పూర్తిగా ఆరనివ్వండి. అసిటోన్‌తో తడిపిన తెల్ల గుడ్డతో తుడిస్తే పైపై జిడ్డు వచ్చేస్తుంది, అది పలకల అంచున, వాటిని అతికించిన ఎపాక్సీ జిగురు మీద నిలవకుండా చూసుకోండి. ఆ తర్వాత గరుకు కాగితం పట్టొద్దు, గీకండి. కొత్త కట్టర్ బ్లేడు గానీ, వెనకటి వడ్రంగులు వాడినట్టు పగిలిన గాజు ముక్క అంచు గానీ నిలువుగా పట్టుకుని మీ వైపు లాగితే ఎముక పల్చటి తెల్ల పొరలుగా లేస్తుంది. రుద్దితే పొడి లోపలికి పోతుంది, గీకితే మురికితో సహా పొర బయటికి వస్తుంది, రెంటికీ తేడా అది. ఉక్కు అంచు దగ్గరికి వచ్చేసరికి బ్లేడు ఉక్కుకి తగలకుండా ఎముక మీదే నడిపించండి. కాగితం మందం రెండు మూడు పొరలు పోతే చాలా చారలు పోతాయి. కొన్ని లోతుగా ఉంటాయి, పోవు, వాటి కోసం పిడిని పుల్లలా చేయకండి.

ఇనుము పోయాక మాత్రమే హైడ్రోజన్ పెరాక్సైడ్. మెడికల్ షాపులో 3 శాతం, 6 శాతం దొరుకుతుంది. దూదిని తడిపి ఎముక మీద పరిచి కొన్ని గంటలు ఉంచండి, తెరిచిన పాత సీసా వద్దు, అది నీళ్ళతో సమానం. ఇనుప పొడి లోపల ఉండగానే ఇది పెడితే ఆ పొడి అప్పటికప్పుడు తుప్పు పట్టి గోధుమ మచ్చలు తేలుతాయి, మీరు మళ్ళీ నన్ను తిడతారు. మీ ఉక్కుకి కూడా ఇది పడదు, తడి దాని మీదకి కారకుండా అంచున కాస్త వాజలిన్ రాయండి. తెల్లబడ్డాక మంచినీళ్ళతో తుడిచి నీడలో ఆరబెట్టండి. ఎండలో పడేసినా, పొయ్యి దగ్గర పెట్టినా ఎముక బీటలు తీస్తుంది, వేడికి ఎపాక్సీ పట్టు వదులుతుంది.

పసుపు మరక వేరే జాతి. అది నీళ్ళలో కరగదు, స్పిరిట్‌లో కరుగుతుంది. పైగా సబ్బుతో రుద్దితే ఎర్రబడుతుంది, పసుపులో సున్నం కలిపితే పారాణి అవుతుంది కదా, అదే లెక్క. ఎర్రబడిందని కంగారు పడి ఇంకా సబ్బు వేస్తారు చాలామంది. స్పిరిట్ గుడ్డతో తుడిచి, లేత పసుపు మిగిలితే కత్తిని పొద్దుటి లేత ఎండలో కాసేపే కిటికీ దగ్గర ఉంచండి, వెలుతురుకి పసుపు రంగు దానంతటదే విరిగిపోతుంది.

ఇక కొత్తగా చేసేటప్పుడు. ఉక్కునీ ఎముకనీ ఒక మట్టానికి తేవాలంటే కలిపి రుద్దక తప్పదు, ఒప్పుకుంటాను. ఆ కలిపి రుద్దడం 220 నంబరు కాగితం వరకే ఉంచండి (నంబరు పెరిగేకొద్దీ కాగితం గరుకు తగ్గుతుంది). అక్కడ ఆగి పొడి అంతా బ్రష్‌తో, వాక్యూమ్‌తో లాగేయండి, స్పిరిట్‌తో తడిపిన తెల్ల గుడ్డతో తుడవండి, గుడ్డ మీద బూడిద రంగు రాకుండా పోయే వరకూ గుడ్డ మారుస్తూ తుడవండి. అప్పుడు నీళ్ళలా పల్చగా ఉండే సూపర్ గ్లూ ఎముక మీద పారించండి, నాళాలన్నీ పీల్చుకుంటాయి. ఆరాక ఇంకో పూత. ఇది పాలిథీన్ ముక్కతో పూయండి, నూలు గుడ్డతో కాదు. నూలు తగిలితే సూపర్ గ్లూ ఒక్కసారిగా వేడెక్కి పొగలొస్తుంది, వేలు కాలుతుంది. ఆ ఆవిరి కళ్ళకి మంట, బాల్కనీ తలుపు తెరిచే ఉంచండి. నాళాలు మూసుకున్నాక 400, 600, 800 అని వరసగా వెళ్ళండి, మధ్యలో నంబరు దాటేయకుండా, కాగితం మాత్రం నలుపుది కాకుండా తెల్లటి అల్యూమినియం ఆక్సైడ్‌ది. కాగితాన్ని చిన్న చెక్క దిమ్మకి చుట్టి పిడి పొడవునా నడపండి, ఉక్కు మీద నుంచి ఎముక మీదకి అడ్డంగా లాగకండి. ఉక్కు అంచుకి వాడిన కాగితం ఎముకకి వాడొద్దు, అక్కడ పిసినారితనం పనికిరాదు. చివర్లో మెరుపు కోసం బఫింగ్ వీల్ పెడితే దాని మీద తెల్ల పాలిష్ దిమ్మే. ఎరుపు, ఆకుపచ్చ, నలుపు దిమ్మలు బ్లేడుకి బాగుంటాయి, తెల్ల పిడిలో రంగు దించేస్తాయి. బ్లేడుకి వాడే వీల్, పిడికి వాడే వీల్ వేరువేరుగా ఉండాలి, పాత వీల్ నూలులో ఉక్కు పొడి ఎప్పుడూ నిండే ఉంటుంది.

రివిట్లు ఇత్తడివి మానేసి స్టెయిన్‌లెస్‌వి వేయండి. ఉప్పుగాలికీ చేతి చెమటకీ ఇత్తడి చిలుము పట్టి పక్కనున్న తెలుపుకి పచ్చ అంచు వేస్తుంది, మీ ఊళ్ళో ఇది తప్పదు. పిడికి ఆఖరున నూనె పట్టిస్తానన్నారు. అవిసె నూనె కాలంతో పసుపుకి తిరుగుతుంది, కొబ్బరినూనె ఎప్పటికీ ఆరదు, దుమ్ముని పట్టి ఉంచుతుంది. నాళాలు మూసేసిన ఎముకకి అసలు నూనె అవసరం లేదు.

ఏటికొప్పాక గురించి అడిగారు. వరాహ నది ఒడ్డున ఆ ఊళ్ళో బొమ్మలు చేసేది అంకుడు కర్రతో, సన్నటి పోగు, లేత రంగు, చేతిలో మెత్తగా పనికి లొంగుతుంది. 2017లో ఆ బొమ్మలకి భౌగోళిక గుర్తింపు వచ్చింది. పిడికి నాకు ఇష్టమైన చెక్కే. కానీ మీరు ఇప్పుడు పెట్టే పద్ధతిలో రెండు పలకలుగా అతికిస్తే దానికీ ఇదే గతి పడుతుంది, చెక్క రంధ్రాలు కూడా ఉక్కు పొడి తాగుతాయి. అంకుడు కర్ర అందం దాన్ని తరిణి (కర్రని తిప్పుతూ చెక్కే యంత్రం) మీద తిప్పినప్పుడే. తిరుగుతున్న కర్రకి లక్క కడ్డీ ఆనిస్తే ఆ రాపిడి వేడికే లక్క కరిగి పూతలా పడుతుంది. గుండ్రటి పిడిని అలా తిప్పించుకుని, మధ్యలో రంధ్రం చేసి, బ్లేడు తోకని లోపలికి దించి ఎపాక్సీతో బిగిస్తే ఉక్కు ఎక్కడా బయటికి కనపడదు, కలిపి రుద్దే పనే ఉండదు. దాని ఇబ్బందులు దానికున్నాయి. లక్క వేడినీళ్ళకి మెత్తబడి పాలిపోతుంది, శానిటైజర్‌తో తుడిస్తే కరుగుతుంది. ఇంట్లో ఒక్కరే వాడుకునే పళ్ళ కత్తికి చక్కగా సరిపోతుంది, సింకులో నానే కత్తికి సరిపోదు.

హోటల్ ఆర్డర్ దగ్గరికి వస్తే, ఇక్కడ నా అభిప్రాయం కాస్త గట్టిగానే చెబుతాను. మీరు ఎముకని ఎంత బాగా మూసినా, చేపలు కోసే హోటల్ వంటింటికి ఎముక పిడి ఇవ్వడం మంచిది కాదు. అక్కడ కత్తి ఒకరి చేతిలో ఉండదు. వంజరం ముక్కలు కోసి, అదే జిడ్డుతో సింకులో పడేస్తారు, వేడినీళ్ళు పోస్తారు, రాత్రంతా నానుతుంది. ఎముక ఉబ్బి తగ్గి, ఉక్కుకీ దానికీ మధ్య సందు వస్తుంది, ఆ సందులో చేప కొవ్వు చేరుతుంది, ఇక తెలుపూ నలుపూ సమస్య కాదు, వాసన సమస్య, జబ్బు సమస్య. వంటింటి సామాను సులభంగా శుభ్రమయ్యేలా, తుప్పు పట్టకుండా ఉండాలని ఆహార భద్రతా నిబంధనలు కూడా అడుగుతాయి. రంపం బ్లేడు ఉక్కు కూడా తుప్పు పట్టే రకమే కాబట్టి అదీ ఆలోచించండి. ఇంకో విషయం, పెద్ద వంటిళ్ళలో పిడి రంగుని బట్టి పని పంచుతారు. చాలా చోట్ల చేపకి నీలం, పచ్చి మాంసానికి ఎరుపు, తెలుపేమో రొట్టె, పాల పదార్థాల వైపు. చేపల హోటల్‌కి వచ్చే వంటమనిషి ఎక్కడైనా ఆ పద్ధతిలో పనిచేసి ఉంటే తెల్ల పిడి చూసి తికమక పడతాడు.

అలాగని ఆర్డర్ వదులుకోమనడం లేదు. మీ ముందు మూడు దారులున్నాయి. మొదటిది, తెలుపే ఉంచి వస్తువు మార్చడం. మాడ్యులర్ కిచెన్లు చేసే షాపుల్లో కౌంటర్‌కి వాడే కోరియన్ (Corian) అనే కృత్రిమ రాయి షీట్ల తునకలు మిగులుతాయి, అడిగితే తక్కువలో ఇస్తారు. అది నీళ్ళు పీల్చదు, మరక పైపైనే ఉంటుంది, మళ్ళీ కాగితం పట్టిస్తే కొత్తదవుతుంది. కింద పడితే అంచు పెచ్చు లేస్తుంది, అది ముందే చెప్పాలి. తెల్ల జీ-10 అయితే అంతకంటే గట్టిది, గాజు నూలూ ఎపాక్సీ కలిసిన పలక కదా, కానీ దాని పొడి ఊపిరితిత్తులకి మంచిది కాదు, బాల్కనీలో పొడిగా కోసే పని కాదు, మంచి మాస్క్ పెట్టుకుని తడిగానే కోయాలి. దాని మీద గరుకు గీతలు మిగిలితే వాటిలోనూ నలుపు చేరుతుంది, కాబట్టి మెరుగు చివరిదాకా చేయాల్సిందే. ఈ దారిలో మీకు కొంత డబ్బు పోతుంది, మాట నిలుస్తుంది.

రెండోది, పని మార్చడం. వంటకి కాకుండా, బయటి కౌంటర్ మీద నిమ్మకాయలు కోయడానికో, టేబుల్ దగ్గర రొట్టె కోయడానికో రెండు ఎముక పిడి కత్తులు, లోపలికి నాలుగు నల్ల పిడివి. చూడటానికి ఆయన కోరుకున్న అందం ఉంటుంది, మీ పలకలు కొన్ని ఖర్చవుతాయి. ఆయన ఒప్పుకోకపోవచ్చు. ఒప్పుకున్నా, ఆ రెండూ తొందరలో లోపలికి వెళ్ళిపోవని ఎవరూ హామీ ఇవ్వలేరు. మూడోది, అడ్వాన్స్ తిరిగి ఇచ్చేయడం. డబ్బు సగం ఖర్చయింది కాబట్టి చేతి నుంచి పడుతుంది. దీన్ని పరువు తక్కువగా చూడకండి, తోడల్లుడికి మాత్రం ఇబ్బందే, ఆయన మధ్యవర్తి. నేనైతే మొదటి దారి పడతాను, ఒక నమూనా కత్తి చేసి హోటల్ ఆయన చేతికిచ్చి పదిహేను రోజులు వాడమని చెప్పి. ఏ దారైనా సరే, తోడల్లుడికి ముందు చెప్పండి, హోటల్ ఆయనకి తర్వాత. వరస తిరగబడితే "నాకు చెప్పకుండా" అనే మాట మీ రెండిళ్ళ మధ్య ఏళ్ళ తరబడి తిరుగుతుంది, ఆ మరకకి పెరాక్సైడ్ లేదు. నల్లబడ్డ ఆ రెండు కత్తులూ మాత్రం తుడిచి పంపేసే ఆలోచన పెట్టుకోకండి.

అత్తగారి దగ్గరికి వద్దాం. ఆవిడ మాటని మీరు ఒకే రకంగా విన్నారు. నాకు రెండు మూడు రకాలుగా వినిపిస్తోంది. అల్లుడు చేతితో చేసిన వస్తువు పాడవుతుందనే భయం నిజంగానే ఉండొచ్చు, బీరువాలో చీర ముక్కలో చుట్టి పెట్టారంటే పారేసేదానికి చేసే మర్యాద కాదది. ఇంకోటి మీరు ఆలోచించనే లేదు. ఏళ్ళ తరబడి కత్తిపీట మీద కూర్చుని రెండు చేతులతో కూర తిప్పుతూ కోసిన మనిషికి, నిలబడి ఒక చేత్తో కత్తి, ఒక చేత్తో వంకాయ పట్టుకోవడం అసలు కుదురుతుందా? "నాకు ఇది చేతికి రావట్లేదు" అని అల్లుడితో అనలేక "మాసిపోతాది" అని ఉండొచ్చు. అదే అయితే పిడిని మీరు ఎంత తెల్లగా చేసినా ఆవిడ వాడరు, మీరు ఇంకోసారి బాధపడతారు. ఇది మీ ఆవిడకి తెలిసి ఉంటుంది, మీరు కత్తి గురించి అడిగారు గానీ వాళ్ళమ్మ ఎలా కూర కోస్తారో అడిగి ఉండరు. అడగండి.

భయమే కారణమైతే రెండు పనులు చేయొచ్చు. కత్తి అడిగి తెచ్చుకుని, పైన చెప్పినట్టు బాగుచేసి తిరిగి ఇవ్వొచ్చు. ఆవిడకి చెప్పకుండా బీరువాలోంచి తీసి తేవొద్దు, మీ ఆవిడ సాయం చేస్తానన్నా సరే. తిరిగి ఇచ్చేటప్పుడు "జాగ్రత్తగా వాడండి" అనే మాట అనకుండా ఇవ్వండి. ఒక్క జాగ్రత్త చాలు, నానబెట్టకుండా కడిగి తుడవడం. చేప రక్తం ఉంటే చల్లటి నీళ్ళే, వేడినీళ్ళు పోస్తే రక్తం అక్కడే గట్టిపడుతుంది. లేదంటే తెలుపు అనే మొహమాటాన్నే తీసేయొచ్చు. గీకి శుభ్రం చేసిన ఎముకని, సూపర్ గ్లూ వేయకముందే, చిక్కటి టీ డికాషన్ చల్లార్చి అందులో ఒకటి రెండు రోజులు ఉంచితే తేనె రంగుకి తిరుగుతుంది. ఉక్కు మాత్రం డికాషన్‌కి తగలకూడదు, తగిలితే నల్లబడుతుంది, పచ్చి అరటికాయ కోసిన ఇనుప కత్తిలాగే. అందుకని ముంచే బదులు దూదితో తడుపుతూ ఉండటం మేలు. ఆ రంగు మీద పసుపూ కనపడదు, చారలూ కనపడవు. కాకపోతే ఇది వెనక్కి తిరగని పని, మళ్ళీ తెలుపు కావాలంటే బాగా లోతుగా గీకాలి. ఆవిడ వీధంతా చూపించుకున్నది ఆ తెలుపునే కాబట్టి రంగు మార్చే ముందు ఆవిడనే అడగండి, "అత్తయ్యా, తేనె రంగు వేయనా, తెల్లగానే ఉంచనా" అని. రెండూ వద్దు, బీరువాలోనే ఉండనీ అంటే ఉండనివ్వండి. అప్పుడు ఆవిడ కత్తిపీట ఒకసారి చూడండి, దాని బ్లేడు మొద్దుబారి ఉంటే సాన పట్టి ఇవ్వండి.

ఎముక కోసేటప్పుడు, రుద్దేటప్పుడు మాస్క్ తప్పనిసరి, గ్రైండర్ ఆపి ఆపి వాడండి, వేడెక్కితే ఎముక గోధుమ రంగుకి మాడుతుంది, ఆ మచ్చ పైపైన పోదు. బాల్కనీలో బట్టలు ఆరేసి ఉంటే పని మొదలుపెట్టే ముందు తీసేయండి. కాలిన ఎముక వాసన ఒక ఉతుకుకి పోదు, మీ ఆవిడ మిమ్మల్ని వదిలేసి నాకు ఉత్తరం రాస్తారు.